ముప్ఫై ఏళ్లకు వచ్చే ఆయాసం

మా పెదనాన్న ఓపీ చీటీలో వృత్తి అన్న చోట 'రిటైర్డ్' అని రాసి ఉంది. రాసిన అబ్బాయిని తప్పు పట్టలేం. అడిగితే పెదనాన్నే చెప్పారు, "రిటైర్డ్ బాబూ" అని. ఆ ఒక్క మాట కింద పదిహేనేళ్ల నౌకాదళం కొలువు, అందులో తొమ్మిదేళ్లు ఆవిరి ఓడల బాయిలర్ రూముల్లో గడిపిన కాలం, ఆ తర్వాత విశాఖలో ఓడల మరమ్మతు కాంట్రాక్టరు దగ్గర చేసిన ఆరేళ్ల పని, అన్నీ మునిగిపోయాయి. మెట్లెక్కితే ఆయాసం, ఎనిమిది నెలలుగా తగ్గని పొడి దగ్గు. డాక్టరు మొదటి ప్రశ్న సిగరెట్టు గురించి. మానేసి పాతికేళ్లయిందన్నారు. రెండోది, ఇంట్లో ఎవరికైనా క్షయ ఉందా అని. కఫంలో క్రిమి కనబడలేదు. అయినా ఆరు నెలలు క్షయ మందులు మింగించారు. దగ్గు తగ్గలేదు, ఒంట్లో ఉన్న కాస్త ఓపికా పోయింది.

ఏడాది తర్వాత విశాఖలో ఇంకో డాక్టరు స్కాను ఫిల్మును వెలుతురుకు పట్టి, చాలాసేపు చూసి, "ఓడలో మీరు ఎక్కడ పనిచేసేవారు?" అని అడిగారు. అంతవరకూ ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆ ఆయాసం వెనక ఉన్నది ఓడల్లో పీల్చిన ఆస్బెస్టాస్ దుమ్ము.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ కథ మా ఇంటికే పరిమితమని నేను అనుకోవడం లేదు. మాది నరసన్నపేట దగ్గర ఊరు. నేవీ నుంచి వచ్చినవాళ్లు, షిప్‌యార్డులోనో డాక్‌యార్డులోనో పనిచేసినవాళ్లు ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. వాన నమ్మకం లేని చోట కొలువే పంట. 1941 జూన్‌లో బాబూ రాజేంద్ర ప్రసాద్ విశాఖలో సింధియా వారి ఓడల కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. 1948 మార్చిలో నెహ్రూ అక్కడ కట్టిన 'జల ఉష' ఓడను నీళ్లలోకి దింపారు. అప్పటి నుంచీ ఆ గేటు ముందు నిలబడ్డవాళ్లలో ఈ రెండు జిల్లాల వాళ్లు ఎప్పుడూ ఉన్నారు. పలాస ప్యాసింజరు ఎక్కి పొద్దున్నే వెళ్లి రాత్రికి తిరిగొచ్చిన ఫిట్టర్లు, వెల్డర్లు, పెయింటర్లు ఎందరో. అదే చేతిపనితో గల్ఫ్ యార్డులకు వెళ్లినవాళ్లు మరికొందరు. వాళ్లంతా ఇప్పుడు అరవైలు, డెబ్బైలు దాటి అరుగుల మీద కూర్చుని ఉన్నారు. ఈ జబ్బు బయటపడే వయసు సరిగ్గా అదే.

ఓడలో ఆస్బెస్టాస్ ఎందుకుంటుంది అన్నది ముందు చూడాలి. తెలుగులో దానికి రాతినార అని చక్కని పేరుంది. పుస్తకాల్లోనే మిగిలిపోయింది గానీ ఆ పేరే దాని గుణం చెప్పేస్తుంది. అది రాయే, కానీ నారలా పీచులు పీచులుగా విడిపోతుంది. దూదిలా వడకవచ్చు, తాడుగా పేనవచ్చు, గుడ్డగా నేయవచ్చు, ముద్దగా కలిపి పూయవచ్చు. నిప్పుకు కాలదు, తుప్పు పట్టదు, పైగా చవక. అందులో తెల్లది క్రైసోటైల్. మన రాష్ట్రంలోనే పులివెందుల చుట్టుపక్కల దాని గనులు నడిచాయి. గోధుమరంగుది అమోసైట్, నీలిది క్రోసిడోలైట్. ఈ రెండింటి పీచులు సూదుల్లా నిటారుగా, గట్టిగా ఉంటాయి.

ఆవిరి ఓడ అంటే ఇనుప గోడల మధ్య బిగించిన కొలిమి అనుకోండి. బాయిలరులో పుట్టిన ఆవిరి వందల డిగ్రీల వేడితో పైపుల వెంట టర్బైను దాకా పోవాలి. ఆ పైపును ఒట్టిగా వదిలేస్తే దారిలోనే వేడి పోతుంది, పక్కన నిలబడ్డ మనిషి ఉడికిపోతాడు, నూనె చుక్క పడితే ఓడే తగలబడుతుంది. అందుకని ప్రతి పైపుకూ ఒక దుప్పటి చుట్టారు. దాన్ని లాగింగ్ అంటారు. మెగ్నీషియా 85 పాళ్లు, రాతినార 15 పాళ్లు కలిపిన ముద్ద చాలాకాలం దీనికి ప్రపంచమంతటా వాడిన సరుకు. ఇక పైపులు కలిసే చోట బోల్టులతో బిగించే ఫ్లాంజిల మధ్య ఆవిరి కారకుండా పెట్టే గాస్కెట్లు, వాల్వుల మెడ చుట్టూ ప్యాకింగ్ తాడు, వెల్డింగు నిప్పురవ్వలకు అడ్డంగా పరిచే గుడ్డ, గదుల మధ్య అడ్డుగోడల బోర్డులు, వించిల బ్రేకు లైనింగులు, అన్నిటిలోనూ అదే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కట్టిన ఓడల్లో, ఆ తర్వాత 1970ల దాకా దాదాపు ప్రతి నౌకాదళంలోనూ ఇదే పద్ధతి.

చుట్టి ఉన్నంతకాలం అది పెద్దగా హాని చెయ్యదు. ప్రాణం తీసేది దాన్ని కదిలించినప్పుడు. ఓడ కదలడమే ఆగదు. అలల కుదుపు, యంత్రాల వణుకు, ఫిరంగుల మోతతో లాగింగ్ పెచ్చులూడుతుంది. రీఫిట్, అంటే ఓడను పూర్తిగా బాగుచేసే సమయం, వచ్చిందంటే పైపు మీది చుట్టంతా చీల్చి పారేసి కొత్తది వేయాలి. అదీ కిటికీల్లేని, ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకు తిరగాల్సిన ఇరుకులో. ఆ ఇరుకు ఎలాంటిదో తెలియాలంటే విశాఖ బీచి రోడ్డులోని కురుసుర జలాంతర్గామిలోకి ఒకసారి తల వంచి వెళ్లి రండి. ఇప్పుడక్కడ చల్లగా గాలి ఆడుతుంది గానీ, మనిషికీ పైపుకూ మధ్య ఎంత దూరమో అర్థమవుతుంది.

పెదనాన్న చెప్పిన ఒక్క పని వివరంగా రాస్తాను. ఫ్లాంజి బోల్టులు విప్పుతారు. లోపలి పాత గాస్కెట్ వేడికి కాలి ఇనుముకు అతుక్కుపోయి ఉంటుంది, అట్లపెనానికి మాడిన అట్టులా. దాన్ని స్క్రేపరుతో గీకుతారు, మిగిలింది తీగల బ్రష్షుతో రుద్దుతారు. రేణువు మిగిలితే కొత్త గాస్కెట్ కూర్చోదు, ఆవిరి కారుతుంది. అందుకని చివరికి ముఖం దగ్గరగా పెట్టి, నోటితో ఉఫ్ అని ఊది, వేలితో తడిమి చూస్తారు. "పొడి కళ్లల్లో పడకుండా కళ్లు మూసుకునేవాళ్లం" అన్నారు పెదనాన్న. ముక్కు మూసుకోవాలని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. రీఫిట్ రోజుల్లో తడి లాగింగ్ ముద్దలు చేసి ఒకరి మీద ఒకరు విసురుకునేవారట. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు మరి.

ఆ గదిలో ఉన్నది లాగింగ్ పనివాడొక్కడే కాదు. పక్కన వైర్లు లాగే ఎలక్ట్రీషియను, రంగు వేసే పెయింటరు, కాపలా కాసే నావికుడు, ఊడ్చే కుర్రాడు అదే గాలి పీల్చారు. ఆ పొడి వాళ్ల బట్టలకు అంటుకుని ఇంటికి వచ్చింది. 1965లో లండనులో న్యూహౌస్, థామ్సన్ అనే ఇద్దరు పరిశోధకులు రాతినార వల్ల వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సరు రోగుల చరిత్రలు తవ్వితే, ఫ్యాక్టరీ గడప తొక్కకుండా భర్త పని బట్టలు ఉతికిన ఆడవాళ్లు అందులో తేలారు. మా పెద్దమ్మ నూతి దగ్గర ఉతికే ముందు బట్టలు దులిపేది. చిన్నప్పుడు నేను చూశాను.

ఇప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. మామూలు దుమ్ము ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది, కఫంతో బయటికి వస్తుంది. రాతినార పీచు వెంట్రుకలో వందో వంతు, ఒక్కోసారి వెయ్యో వంతుకన్నా సన్నగా చీలుతుంది కాబట్టి గాలితో పాటు ఊపిరితిత్తుల చిట్టచివరి గాలితిత్తుల దాకా పోతుంది. అక్కడ కాపలా కణాలుంటాయి, చొరబడిన దేన్నైనా మింగి అరాయించుకోవడం వాటి పని. అయితే పీచు వాటి కన్నా పొడుగు. గడ్డిపోచను మింగబోయిన కప్పలా సగం లోపల, సగం బయట పెట్టుకుని అవి సతమతమై, లోపల దాచుకున్న ఘాటు రసాయనాలను కక్కి చచ్చిపోతాయి. ఇంకో కణం వస్తుంది. దానిదీ అదే గతి. పీచు మాత్రం అక్కడే ఉంటుంది. ఏళ్ల తరబడి సాగే ఈ చిన్న మంట వల్ల చుట్టూ ఉన్న మెత్తని కణజాలం మచ్చకట్టి గట్టిపడుతుంది. కొన్ని కణాల జన్యువులు దెబ్బతిని అదుపు తప్పుతాయి.

జనం 'ఆస్బెస్టాస్ జబ్బు' అని ఒకటే మాట అంటారు గానీ అవి కనీసం నాలుగు, ఒక్కోదాని దారి ఒక్కోటి. మొదటిది, ఊపిరితిత్తిని కప్పే పొర మీద అక్కడక్కడా పేరుకునే గట్టి పెచ్చులు. వాటంతటవి చంపవు, చాలామందికి నొప్పి కూడా ఉండదు. కానీ 'ఈ మనిషి ఒకప్పుడు రాతినార పీల్చాడు' అనడానికి అవి సంతకం లాంటివి. పెదనాన్న ఫిల్ములో ఆ డాక్టరు చూసింది వాటినే. అంతకుముందు రిపోర్టులో అవే 'పాత క్షయ గుర్తులు కావచ్చు' అని ఉన్నాయి. రెండోది ఆస్బెస్టాసిస్, అంటే ఊపిరితిత్తే గట్టిపడటం. పదేళ్లో ఇరవయ్యేళ్లో పోయాక పొడి దగ్గు, నడిస్తే ఆయాసం మొదలవుతాయి, వేళ్ల చివర్లు ఉబ్బవచ్చు. వీపు కింది భాగంలో స్టెతస్కోపు పెడితే లోపలికి పీల్చినప్పుడల్లా చిటపట చప్పుడు వినిపిస్తుంది. ఎక్కువ దుమ్ము ఎక్కువ ఏళ్లు పీల్చినవాళ్లకు వచ్చేది ఇది. ఒకసారి గట్టిపడింది మళ్లీ మెత్తబడదు.

మూడోది ఊపిరితిత్తుల క్యాన్సరు. ఇక్కడే పొగాకు కలిసి వస్తుంది. అమెరికా, కెనడాల్లోని లాగింగ్ పనివాళ్ల మీద హామండ్, సెలికాఫ్, సైడ్‌మన్ 1979లో ప్రకటించిన లెక్క ఇప్పటికీ చెప్పుకుంటారు. పొగా రాతినారా రెండూ లేనివాడి ముప్పు ఒకటి అనుకుంటే, రాతినార ఒక్కటే ఉన్నవాడికి దాదాపు అయిదు రెట్లు, పొగ ఒక్కటే ఉన్నవాడికి దాదాపు పది రెట్లు, రెండూ ఉన్నవాడికి యాభై రెట్లకు పైగా. అయిదూ పదీ కూడితే పదిహేనే కావాలి కదా? ఒకటి రెండోదాన్ని కూడదు, హెచ్చవేస్తుంది. చుట్ట, బీడీ ఇంత ఇష్టంగా కాల్చే, ఆడవాళ్లు నిప్పు నోట్లోకి పెట్టి అడ్డపొగ తాగే మన తీరంలో ఈ లెక్కను గోడల మీద రాయాలి. మానేస్తే లాభం ఉందా అంటే ఉంది. ఊపిరితిత్తిలోని పీచును తీయలేం గానీ, ఈ హెచ్చవేతలో రెండో అంకెను ఏ వయసులోనైనా తగ్గించుకోవచ్చు.

నాలుగోది మీసోథీలియోమా. ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొరకు, కొందరిలో పొట్ట లోపలి పొరకు వచ్చే క్యాన్సరు. దీనికి పొగాకుతో సంబంధం లేదు. రాతినార తప్ప దీనికి కారణాలు బహు కొద్ది. 1960లో దక్షిణాఫ్రికాలో వాగ్నర్ బృందం నీలి రాతినార గనుల ప్రాంతంలో 33 మందిలో దీన్ని గుర్తించి రాసేవరకూ, ఇలాంటి క్యాన్సరు ఉందో లేదో అని వైద్యులే వాదించుకునేవారు. కొద్దిపాటి దుమ్ముతోనూ ఇది రావచ్చు. ఇరవై నుంచి యాభై ఏళ్లు నిద్రపోయి, ఒకనాడు పక్కలో నొప్పిగా, ఛాతీలో నీరుగా లేస్తుంది. ఛాతీలో నీరంటే మన దగ్గర మొదటి అనుమానం క్షయ మీదికే పోతుంది, చాలాసార్లు అది సరైన అనుమానమే. నీరు తీసినా మళ్లీ మళ్లీ చేరుతుంటే, క్షయ మందులకు లొంగకపోతే, పొర ముక్క తీసి పరీక్ష చేయించాలి. బయటపడ్డాక సాధారణంగా మిగిలేది ఏడాది, ఏడాదిన్నర. ఒంటి రక్షణ శక్తిని పురిగొల్పే కొత్త ఇమ్యునోథెరపీ మందులు కొందరికి ఇంకొంత కాలం ఇస్తున్నాయి.

అసలు ముడి ఈ కాలం దగ్గరే ఉంది. రాతినార ముప్ఫై ఏళ్ల గడియారం మీద నడుస్తుంది. మనుషులు పెట్టుకున్న గడియారాలన్నీ, అంటే పరిశోధనలు, చట్టాలు, ఆఫీసు బీరువాలు, అంతకంటే ముందే ఆగిపోతాయి.

పరిశోధనతోనే మొదలుపెడదాం. ఇంగ్లండులో నెల్లీ కెర్షా అనే నూలు వడికే కార్మికురాలు 1924లో చనిపోతే, ఆమె ఊపిరితిత్తుల్లో ఈ పీచులు చూసి డాక్టరు కుక్ వైద్య పత్రికలో రాశాడు. 1930లో మెరివెదర్, ప్రైస్ ప్రభుత్వానికి నివేదిక ఇచ్చారు, 1931లో నిబంధనలు వచ్చాయి. అంటే ఫ్యాక్టరీ సంగతి అప్పటికే తెలుసు. మరి ఓడల సంగతి? 1946లో అమెరికాలో ఫ్లైషర్, డ్రింకర్ బృందం యుద్ధ నౌకలు కట్టే యార్డుల్లో 1,074 మంది లాగింగ్ పనివాళ్లను పరీక్షించింది. ముగ్గురిలోనే ఆస్బెస్టాసిస్ కనిపించింది. కాబట్టి ఇది పెద్దగా ప్రమాదం లేని పని అని తేల్చేశారు. ఆ తీర్పును యార్డులు ఏళ్ల తరబడి కవచంలా పట్టుకున్నాయి. అయితే ఆ పరిశోధన పట్టికలోనే గుట్టు ఉంది. పరీక్షించిన వాళ్లలో 95 శాతం మంది ఆ పనిలో పదేళ్లు కూడా నిండనివాళ్లు. జబ్బు దొరికిన ముగ్గురూ ఇరవై ఏళ్లకు పైబడి చేసినవాళ్లు. విత్తనం వేసిన మర్నాడు పొలానికి వెళ్లి పంట లేదని రాసుకురావడమంటే ఇదే. 1964లో సెలికాఫ్ న్యూయార్కు ప్రాంతపు లాగింగ్ కార్మికుల్లో ఇరవై ఏళ్లు దాటినవాళ్లను విడిగా లెక్కపెట్టాకే నిజం బయటపడింది. అప్పటికి యుద్ధకాలపు యార్డుల నుంచి లక్షలమంది ఇళ్లకు వెళ్లిపోయారు.

ఇక చట్టం. ఒకే బాయిలర్ రూములో నలుగురు మనుషులను నిలబెట్టి చూడండి. నావికుడు, డాక్‌యార్డు సివిలియన్ ఉద్యోగి, షిప్‌యార్డు కంపెనీ పర్మనెంటు కార్మికుడు, కాంట్రాక్టు కుర్రాడు. పీల్చే దుమ్ము ఒకటే. జబ్బు చేస్తే ఎక్కాల్సిన మెట్లు మాత్రం నాలుగు వేర్వేరు ఆఫీసులవి.

కంపెనీ కార్మికుడికి వర్తించింది 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం. ఇప్పుడది సామాజిక భద్రతా స్మృతిలో కలిసిపోయింది గానీ, పాత తరం కేసులన్నీ దాని నీడలోనే నడిచాయి. దాని మూడో షెడ్యూలులో వృత్తి వ్యాధుల జాబితా ఉంది. అందులో ఆస్బెస్టాసిస్ ఉంది, ఆస్బెస్టాస్ వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సరూ ఉంది. చదివితే ప్రాణం లేచి వస్తుంది. తర్వాత పదో సెక్షన్ చదవాలి. పని మానేసిన రెండేళ్లలోపు లక్షణాలు కనబడితే, ఆ కనబడిన రోజునే ప్రమాదం జరిగినట్లు లెక్కిస్తామంటుంది. రెండేళ్లు! ముప్ఫై ఏళ్ల జబ్బుకు రెండేళ్ల కిటికీ. తగిన కారణం చూపిస్తే కమిషనరు ఆలస్యాన్ని మన్నించవచ్చన్న సందు ఒకటుంది. ఊపిరాడని డెబ్బై ఏళ్ల మనిషి దూరాల్సింది ఆ సందులోంచే.

నావికుడికి ఈ చట్టం అసలు తలుపే తీయదు. సాయుధ బలగాల సభ్యులు దాని పరిధిలో లేరు. వారికి వైకల్య పెన్షన్ నిబంధనలు వేరు. జబ్బు సర్వీసు వల్ల వచ్చిందనో, సర్వీసు వల్ల ముదిరిందనో తేలాలి. విడుదలయ్యాక బయటపడే జబ్బుల గురించి 1982 నాటి నిబంధనల్లో ఒక దయగల వాక్యం ఉండేది. సర్వీసులో మొదలైన వికారమే ఆలస్యంగా బయటపడిందని వైద్యపరంగా రుజువైతే ఒప్పుకోవచ్చనేది. రాతినార కోసమే రాసినట్టుంటుంది ఆ మాట. దాని పక్కనే గడువు: ఏడేళ్లు. ముప్ఫై అయిదేళ్ల వయసులో ఇంటికొచ్చిన మనిషికి నలభై రెండేళ్ల లోపల జబ్బు చేయాలన్నమాట.

కాంట్రాక్టు కుర్రాడి సంగతి ఇంకా కష్టం. ఈఎస్ఐ కార్డు ఉండి చందా కట్టి ఉంటే వృత్తి వ్యాధి కూడా పనిలో తగిలిన గాయం కిందే లెక్క, పెన్షన్ దాకా హక్కు ఉంటుంది. అయితే కాంట్రాక్టరు మారాడు, మేస్త్రీ చనిపోయాడు, గేటు పాసు పోయింది. ఆయన ఆ ఓడ ఎక్కినట్టు ఈ భూమ్మీద కాగితం లేదు.

సుప్రీంకోర్టుకు ఈ కాలం సంగతి అర్థమైంది. 1995 జనవరిలో వినియోగదారుల విద్యా పరిశోధన కేంద్రం కేసులో ఇచ్చిన తీర్పులో, ఆస్బెస్టాస్ పరిశ్రమలు ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డునూ ఉద్యోగం మొదలైన నాటి నుంచి 40 ఏళ్లు గానీ, పని మానేశాక 15 ఏళ్లు గానీ, ఏది ఎక్కువైతే అంతకాలం దాచాలని ఆదేశించింది. అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ జబ్బు ఉందని ధ్రువీకరించిన కార్మికులకు లక్ష రూపాయలు ఇవ్వమంది. జబ్బు గడియారానికి దగ్గరగా వచ్చిన మాట నాకు తెలిసి మన దేశంలో ఇదొక్కటే. కాకపోతే ఆ ఆదేశాలు చూసింది రాతినారతో సరుకు తయారుచేసే ఫ్యాక్టరీల వైపు. ఓడల మరమ్మతులో దాన్ని గీకి పారేసినవాడు ఆ మాట వినబడేంత దూరంలో లేడు.

బయట దేశాల్లో ఏమైందో క్లుప్తంగా చెప్తాను. అమెరికాలో మాజీ నావికులు ప్రభుత్వం మీద దావా వేయలేరు, అక్కడి సుప్రీంకోర్టు 1950లో ఇచ్చిన ఫెరెస్ తీర్పు అడ్డం. సరుకు అమ్మిన కంపెనీల మీద వేశారు. ఆ దెబ్బకు 1982లో జాన్స్-మాన్‌విల్ దివాలా రక్షణ కోరింది. బ్రిటనులో 1987కు ముందు సర్వీసు చేసినవాళ్లకూ దావా హక్కు లేదు. పోరగా పోరగా, 2016 నుంచి మీసోథీలియోమా వచ్చిన మాజీ సైనికులకు ఒకేసారి 1,40,000 పౌండ్లు తీసుకునే అవకాశం ఇచ్చారు, అప్పటి లెక్కలో కోటి రూపాయలకు పైనే. అన్నేళ్ల తర్వాత ప్రాణం పోయేవాడి చేతిలో పెట్టే కోటి ఎంతకు కోటో నాకు తెలియదు గానీ, 'ఇది మా వల్లే' అన్న ఒప్పుకోలు అందులో ఉంది.

ఇదంతా పాత కథే కదా, ఇప్పుడు ఓడల్లో వాడటం లేదు కదా అనవచ్చు. కొత్తగా అమర్చడాన్ని అంతర్జాతీయ నిబంధనలు 2002 జులై నుంచి చాలావరకూ, 2011 జనవరి నుంచి పూర్తిగా నిషేధించాయి. అయితే ఓడ ఆయుష్షు మనిషి సర్వీసు కన్నా ఎక్కువ. పాతవి మరమ్మతుకు వస్తూనే ఉంటాయి, చివరికి ముక్కలు కావడానికీ వస్తాయి. 2006 ఫిబ్రవరిలో ఫ్రాన్స్ అధ్యక్షుడు షిరాక్, గుజరాత్‌లోని అలంగ్‌కు బయలుదేరిన తమ విమానవాహక నౌక క్లెమెన్సూను సగం దారిలో వెనక్కి పిలిపించాడు. గొడవంతా దాని కడుపులోని రాతినార గురించే. తర్వాత దాన్ని ఇంగ్లండులో విప్పారు. ఆ వార్త వచ్చినప్పుడు మా ఇంట్లో ఎవరూ దాన్ని పెదనాన్న దగ్గుతో కలిపి చూడలేదు. చూడటానికి అప్పటికింకా దగ్గే లేదు.

మధ్యలో ఒక మాట, ఎందుకంటే ఇది చదివి పైకి చూసేవాళ్లుంటారు. మీ ఇంటి సిమెంటు రేకు కూడా రాతినారే. మన దేశం ఏటా మూడు లక్షల టన్నులకు పైగా తెల్ల రాతినారను దిగుమతి చేసుకుంటోంది, అందులో ఎక్కువ భాగం ఈ రేకుల్లోకే పోతుంది. పగలని రేకు కింద పడుకున్నంత మాత్రాన బాయిలర్ రూములో ఉన్నట్టు కాదు, పీచు సిమెంటులో బిగిసి ఉంటుంది. కోసినప్పుడు, డ్రిల్లు వేసినప్పుడు, పగిలినప్పుడు మాత్రం జాగ్రత్త. హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు, 2018లో తిత్లీ వచ్చినప్పుడు మన జిల్లాల్లో ఎన్ని రేకులు ముక్కలయ్యాయో అందరం చూశాం. ఆ ముక్కలను చీపురుతో ఊడ్చి, సుత్తితో నలగ్గొట్టి బురద దారిలో పోసుకున్నాం. తడిపి, చేత్తో తీసి, మందపాటి ప్లాస్టిక్ సంచిలో కట్టి పాతిపెట్టాల్సిన సరుకది. తెల్లది మిగతావాటంత చెడ్డది కాదని కంపెనీలు అంటాయి. అందులో ఒక ముక్క నిజం ఉంది. దాని పీచు ఊపిరితిత్తిలో త్వరగా చిట్లి అరుగుతుంది, మీసోథీలియోమా ముప్పు నీలిదాని కన్నా తక్కువ. అయినా అన్ని రకాలూ మనుషుల్లో క్యాన్సరు తెచ్చేవేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చి చెప్పింది. తక్కువ విషం కూడా విషమే కదా.

మన దగ్గర ఉద్దానం కిడ్నీ జబ్బు పేరు చెబితే తెలియనివారు లేరు. అక్కడ జబ్బుపడ్డవాళ్లు కళ్లముందున్నారు, కారణమే ఇంకా పూర్తిగా చిక్కలేదు. రాతినార దీనికి తలకిందులు. కారణం వందేళ్లుగా తెలుసు, జబ్బుపడ్డవాళ్లే కనబడరు. వాళ్లు క్షయ రిజిస్టరులోనో, ఉబ్బసం మందుల షాపు ఖాతాలోనో, 'పెద్దవయసు' అన్న మాటలోనో దాగి ఉన్నారు. వాళ్లను బయటికి తేవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు, ఓపీ చీటీలో రెండు ప్రశ్నలు చాలు. ఇంతకుముందు ఏం పని చేసేవారు? ఎన్నేళ్లు? శ్రీకాకుళం, విజయనగరాల్లో మాజీ సైనికుల పాలీక్లినిక్కులు ఉన్నాయి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉన్నాయి. ఇంజను శాఖలో పనిచేసి అరవై దాటినవాళ్ల పేర్లు విడిగా రాసుకుని, ఒక్కొక్కరికి ఊపిరి సామర్థ్య పరీక్ష, అవసరమైతే ఊపిరితిత్తిని సన్నటి పొరలుగా చూపే సీటీ స్కాను చేయిస్తే ఒక చలికాలంలో అయిపోయే పని. మామూలు ఎక్స్‌రే తొలిదశను పట్టలేకపోవచ్చు. జబ్బు లేదని తేలినా ఆ ఫిల్మును పారేయకూడదు, పదేళ్ల తర్వాత పోల్చి చూడటానికి పనికొస్తుంది. ఆస్బెస్టాసిస్ తేలినవాళ్లకు ఫ్లూ, న్యుమోనియా టీకాలు, ఊపిరి వ్యాయామాలు ఎంతో కొంత ఊరటనిస్తాయి.

ఇక కాగితాలు. పెదనాన్న ట్రంకుపెట్టె ఇంకా ఉంది, మూత మీద తెల్ల రంగుతో పాత నంబరు. తెరిస్తే అడుగున చెదలు. డిశ్చార్జి పుస్తకం అంచులు పోయినా ఓడల పేర్లు మిగిలాయి. కాంట్రాక్టరు దగ్గర చేసిన ఆరేళ్లకు మాత్రం ఏమీ లేదు, ఒక గ్రూపు ఫొటో తప్ప. దరఖాస్తుకు ఇవి చాలవని, ఏ ఓడలో, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు, ఏ కంపార్ట్‌మెంటులో, ఏ పని, పక్కన ఎవరున్నారు అన్నవి బతికుండగానే ఆయన నోటితో రాయించుకోవాలని, ఆ ఫొటోలోవాళ్లు ఎవరైనా ఉంటే సాక్ష్యం తీసుకోవాలని తెలిసినవారు చెప్పారు.

పోయిన ఆదివారం తెల్లకాగితాలు పెట్టుకుని కూర్చున్నాను. పక్కన ఆక్సిజను యంత్రం గురగురమంటోంది. నాలుగు మాటలు చెప్పడం, ఆగడం, మళ్లీ నాలుగు మాటలు. తన పెళ్లి ఏ ఏడాదో పెద్దమ్మను అడిగి చెప్పిన మనిషి, ఓడలు మారిన తేదీలు మాత్రం నెలలతో సహా అప్పగించారు. రాసింది చదివి వినిపించాను. కళ్లు మూసుకుని వింటున్నవారు ఒక్కచోట చెయ్యెత్తి ఆపారు.

"వెనక బాయిలర్ రూము కాదురా, ముందుది. వెనకది మా వాళ్లదే ఇంకొకడిది. వాడు పోయాడు. వాడి పేరు కూడా రాయి."